స్కూల్ అంకెలు చూసి ఇల్లు మారాలా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. మా అబ్బాయి ఆరో తరగతికి వెళ్లాల్సిన పబ్లిక్ మిడిల్ స్కూల్లో లెక్కల పరీక్ష గట్టెక్కింది సగం మందేనట, చాలామందికి ఉచిత భోజనమట. ఇల్లు మారిపోదామా అని ఒకటే టెన్షన్.

జవాబు: కాస్త ఆగండి. ఆ శాతంలో టీచర్ల పనితనం కంటే ఇళ్లలోని ఆదాయమే ఎక్కువ కనిపిస్తుంది. 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా లెక్కలు, రీడింగ్ పరీక్షలు పెట్టి, ఫలితాలను జాతి, ఆదాయం, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు అంటూ విడివిడిగా కూడా ప్రకటించాలి, కాబట్టి ఆ స్కూలు మీద రాష్ట్రం ఇచ్చే రిపోర్ట్ కార్డులో మొత్తం అంకె పక్కనపెట్టి ఆ వరుసలూ, ఉంటే గ్రోత్ స్కోరూ (పిల్లలు ఏడాదిలో ఎంత మెరుగయ్యారో చెప్పే అంకె) చూడండి. తక్కువ ఆదాయానికి గుర్తుగా చూసే ఉచిత భోజనం లెక్కనైతే అసలు పట్టించుకోకండి, కొన్ని స్కూళ్లు ఆదాయం అడక్కుండానే అందరికీ పెడతాయి. ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా (హైస్కూల్ స్థాయి లెక్కలు) చెబుతారో లేదో మాత్రం స్కూలుకు ఫోన్ చేసి కనుక్కోండి.