వంద శాతం పెయ్యే అన్నారు, కోడెలు పుట్టాయి... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మూడు ఆవులే నాకు జీవనాధారం. పెయ్య దూడలే పుడతాయంటే డబ్బు కట్టి సెక్స్‌డ్ సెమెన్ (లింగాన్ని బట్టి కణాలను వేరు చేసిన వీర్యం) వేయించాను. కరపత్రంలో 'వంద శాతం పెయ్య దూడ గ్యారంటీ' అని ఉంది. ఒక ఆవు చూడి కట్టలేదు. ఈనిన రెండింటికీ కోడె దూడలే. నిలదీస్తే, లింగ ఎంపిక నేరమనీ, కేసు వేస్తే నేనే ఇరుక్కుంటాననీ బెదిరిస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ బెదిరింపును పట్టించుకోకండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం మనుషులకు సంబంధించినది. అందులో పిండమంటే మానవ పిండమేనని నిర్వచనంలోనే ఉంది. పశువులకు ఇలాంటి వీర్యాన్ని రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది.

ఇక కేసు. కోడె పుట్టిందన్నది ఒక్కటే చాలదు. పెయ్యనిచ్చే ఎక్స్ వీర్యకణంలో డీఎన్ఏ, కోడెనిచ్చే వై కణం కంటే దాదాపు 4 శాతమే ఎక్కువ. ఆ తేడాను రంగుతో, లేజర్‌తో పట్టి యంత్రం వేరు చేస్తుంది. తేడా అంత చిన్నది కాబట్టే కచ్చితత్వం 90 శాతం దగ్గరే ఆగుతుంది, పదింటిలో ఒక కోడె మామూలే. రెండు ఈతల్లో రెండూ కోడెలే కావడం మాత్రం నూటికి ఒకసారి జరిగే సంగతి. అది అనుమానానికి బలం, రుజువు కాదు. మీ అసలు బలం ఆ కరపత్రం. 90 శాతమని చెప్పి అమ్మి ఉంటే మీ కేసు చాలా బలహీనపడేది. వంద శాతమని అచ్చేసి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన.

చూడి కట్టని ఆవు గురించి గట్టిగా వాదించకండి. మామూలు డోసులో దాదాపు 2 కోట్ల కణాలుంటే, ఇందులో 20 లక్షల ప్రాంతమే ఉంటాయి. చూడి నిలిచే రేటు తక్కువే. దాన్ని కూడా కలిపి వాదిస్తే మిగతా రెండింటి బలం తగ్గుతుంది.

అవతలివారు తప్పక అడిగేది: 'ఈ దూడ మా స్ట్రా (వీర్యం నింపిన సన్నని గొట్టం)దేనని ఎలా చెబుతారు?' వీర్యం సూది వేసిన తేదీ, ఈనిన తేదీ మధ్య సుమారు 280 రోజులు ఉండాలి. 300 దాటితే, తర్వాతి ఎదలో మరో వీర్యం పడిందనే అనుమానం వస్తుంది. స్ట్రా మీద ఎద్దు నంబరు ఉంటుంది. ఖాళీ స్ట్రా పారేసి ఉంటే రసీదు, చెవి పోగు నంబరుతో చేసిన నమోదు సేకరించండి. దూడలను అమ్మకండి. పశువైద్యుడి సమక్షంలో తోక కుచ్చు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకించి, కాగితం కవరులో సీలు చేయించండి. ప్లాస్టిక్ కవరులో తేమ పట్టి పాడవుతాయి. ఎద్దు డీఎన్ఏతో పోల్చే పరీక్షకు ఆదేశించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. వీర్యం తయారీదారు, అమ్మినవారు, సూది వేసిన టెక్నీషియన్, ముగ్గురినీ చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. దూడ పుట్టిన రోజు నుంచి అని మనం వాదించవచ్చు గానీ, సూది వేసిన రోజు నుంచే లెక్కేసుకోవడం క్షేమం.

పాడి వ్యాపారమని, మీరు వినియోగదారుడు కాదని వాదిస్తారు. స్వయం ఉపాధితో బతికేందుకు కొన్నది వాణిజ్య అవసరం కాదని చట్టమే చెబుతోంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతులను వినియోగదారులుగానే చూసింది. అదే ఉచితంగా వేయించుకుని ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

పరిహారంగా వీర్యం, సూది ఖర్చు, పెయ్యకూ కోడెకూ ధరలో తేడా, మానసిక వేదన, కేసు ఖర్చులు అడగండి. ఆ పెయ్య పెరిగి ఇచ్చే పాల లెక్క వేయకండి. అంత దూరపు నష్టం కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద రాదు.