బాలెనోకి పదిహేడు అంగుళాల అలాయ్‌లా?

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ బాలెనో కారుకి పదిహేను అంగుళాల చక్రాలు తీసేసి పదిహేడు అంగుళాల అలాయ్‌లు (మిశ్రలోహం రిమ్ములు) వేయించాలని ఉందన్నావు. బీచ్ రోడ్డు మీద సోకుగానే ఉంటాయిలే. దుకాణం మెట్లెక్కే ముందు మాత్రం ఓ కాగితం, పెన్ను తీసుకో.

నీ టైరు మీద 185/65 ఆర్15 అని ఉంది. 185 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం, అంటే 120 మి.మీ. పక్క ఎత్తు. పైనా కిందా కలిపి 240.5, మధ్యలో రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం చక్రం ఎత్తు 621.5. రిమ్ము ఎంత పెరిగినా ఈ అంకె పెద్దగా కదలకూడదు. 195/55 ఆర్16 వేస్తే 620.9. బాలెనో పై వేరియంట్లకి కంపెనీ వేసేది అదే. 205/45 ఆర్17కి 616.3, అదీ ఒక శాతం లోపు తేడానే. స్టాకులో ఉంది కదా అని 205/55 ఆర్16 అంటగడితే 631.9 అవుతుంది. మీటరు ముల్లు ఎప్పటిలాగే 100 దగ్గరుంటుంది గానీ బండి మునుపటికన్నా 1.7 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. వెనక ముగ్గురు కూర్చుంటే టైరు మడ్‌గార్డు లోపలి లైనర్‌కి రాసుకున్నా ఆశ్చర్యపోకు.

ఎత్తు లెక్కలో పదిహేడు పాసయింది. తప్పేది పక్క ఎత్తు దగ్గర: 120 ఉన్నది 92 అయిపోతుంది. దెబ్బ కాచేది ఆ గాలి మెత్తే. గాజువాక వైపు లారీలు తవ్విన గోతులు వానాకాలంలో నీళ్లు నిండి కనబడవు. దిగితే టైరు పక్క గొయ్యి అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, గుడ్డులా బుడగ లేస్తుంది. దానికి ప్యాచ్ ఉండదు, టైరు పారేయాల్సిందే. ముందు చక్రం రిమ్ము వంగితే వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది.

టైరు మోయగల బరువు చెప్పే అంకె కూడా చూడు. నీ టైరుది 88, అంటే ఒక్కోటి 560 కిలోలు మోస్తుంది. మామూలు 205/45 ఆర్17 మీద 84 ఉంటే 500 కిలోలే. ఎక్కువ బరువు మోసే ఎక్స్‌ఎల్ రకంలో 88 దొరుకుతుంది గానీ ఆ బరువు మోయాలంటే గాలి ఎక్కువ పట్టాలి. ఉన్న కాస్త మెత్తదనమూ పోతుంది. పైగా వెడల్పు టైరు నిలవ నీటిలో తొందరగా తేలుతుంది. అలాయ్ బరువైనదైతే అరకు ఘాట్‌లో పికప్ ఈడుస్తుంది.

కాబట్టి పదహారు దగ్గర ఆగు. రిమ్ముకి నాలుగు బోల్టులు, 100 మి.మీ. పీసీడీ, అంటే ఆ బోల్టులు నిలిచే వలయం వ్యాసం. నడిమి కన్నం 54.1. అంతకన్నా పెద్ద కన్నమున్న రిమ్ముకి, హబ్‌కీ (చక్రం బిగించే నడిమి భాగం) కన్నానికీ మధ్య సందు పూడ్చే హబ్ రింగు వేయించు, లేకపోతే చక్రం నడిమికి కూర్చోదు, బ్యాలెన్సింగ్ ఎంత చేసినా వణుకు పోదు. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం, పాతదానికి దగ్గరగా ఉండాలి. 10 తగ్గితే చక్రం 10 మి.మీ. బయటికొస్తుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. హబ్‌కీ రిమ్ముకీ మధ్య స్పేసర్లు (బిళ్లలు) వేస్తామంటే లేచి వచ్చెయ్.

బిగించే ముందు హబ్ ముఖం తుప్పు వైర్ బ్రష్‌తో గీకించు. మన ఉప్పుగాలికి అలాయ్, ఇనుము ఒకదాన్నొకటి పట్టేసి, పంక్చరైన రోజు చక్రం ఊడి రాదు. నట్లు ఎదురెదురుగా చేత్తో ఎక్కించి, చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్లో రాసినంతే బిగించాలి. గాలి గన్నుతో టకటకా కొట్టనివ్వకు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించు. ఇన్సూరెన్స్ వాళ్లకి కొత్త అలాయ్‌ల సంగతి రాతపూర్వకంగా తెలియజెయ్.

పాత పదిహేను చక్రం ఒకటి స్టెప్నీగా ఉంచుకో, ఎత్తు సరిపోతుంది. అలాయ్‌లకి వేరే నట్లు ఇస్తే మాత్రం పాత నట్లు నాలుగూ డిక్కీలో వేసుకో. కొత్తవి ఇనుప రిమ్ములో సరిగా కూర్చోకపోవచ్చు.

మీ మావయ్య