భర్త ఫోన్ ఎత్తకపోతే ప్రాణం పోయినట్టుంటోంది

ప్రశ్న: అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు కావడంతో ఆరో నెలలోనే నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. ఐదేళ్లకు బడి కోసం తిరిగి తెచ్చుకున్నారు. ఇప్పుడు మావారు ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ తట్టుకోలేక చేస్తూనే ఉంటాను. తీరా ఆయన ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడను. అమ్మ ప్రేమ దొరక్కే ఇలా అయ్యానా? పాపకు తొమ్మిదో నెల. నేను ఆఫీసులో చేరాలి. అత్తగారు పాపను ఊరికి పంపించమంటున్నారు. తనూ నాలాగే అవుతుందేమోనని భయం. - ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మకు దూరమయ్యానని రాశారు గానీ, నాకు మరో సంగతి కనిపిస్తోంది. బిడ్డలు ఫలానా మనిషే కావాలని పట్టుబట్టడం ఏడెనిమిది నెలల నుంచి మొదలవుతుంది. ఆ వయసులో మీకు గోరుముద్దలు పెట్టి, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నది అమ్మమ్మే. ఐదేళ్లప్పుడు మీరు పోగొట్టుకున్నదీ ఆవిడనే. ‘సొంత అమ్మ దగ్గరికేగా వచ్చావు, ఏడుపెందుకు?’ అని ఉంటారే తప్ప, మీ బెంగ ఎవరూ పట్టించుకుని ఉండరు.

పిలిస్తే పలికే మనిషి ఉన్నారన్న నమ్మకం పసితనంలోనే ఏర్పడి, పెద్దయ్యాక మన బంధాల్లోకీ వస్తుందని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పారు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్, ఏడాది పిల్లల్ని కొత్త గదిలో ఉంచి, తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తారో గమనించారు. కొందరు చంకెక్కి ఏడుపు మాని మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు తల్లిని చూడనట్టే ఉండిపోయారు. ఇంకొందరు ఎత్తుకోమని చేతులు చాచి, ఎత్తుకోగానే తన్నుతూ గింజుకున్నారు. మీ వరస ఫోన్లు, ఆపై రెండు రోజుల మౌనం చదువుతుంటే నాకు ఈ మూడో రకం పిల్లలే గుర్తొచ్చారు.

అలాగని ఇది తలరాతేం కాదు. మాట మీద నిలబడే మనిషి తోడుంటే పెద్దయ్యాకా మారుతుంది. (నెట్‌లో ‘మీది ఏ రకం అటాచ్‌మెంట్’, అంటే మనుషులతో ముడిపడే తీరు ఏది అంటూ వచ్చే పరీక్షలు రాసి మీకు మీరే ముద్ర వేసుకోకండి. వాటితో ఒరిగేదేం లేదు.) ‘మీటింగ్‌లో ఉన్నా, ఆరింటికి చేస్తా’ అని ఒక్క మెసేజ్ పెట్టమని మీవారిని అడగండి. ఆరింటిదాకా మీరు మళ్లీ చేయకండి. ఆయన ఇంటికొచ్చాక మూతి ముడుచుకునే బదులు, ‘కోపం కాదు, భయమేసింది’ అని చెప్పండి. మొదట్లో నోరు పెగలదు, అయినా చెప్పండి.

ఇక పాపను మాత్రం ఊరికి పంపొద్దు. సరిగ్గా మనుషుల్ని పట్టుకునే వయసిది. అత్తగారి పెంపకం మీద నాకు అనుమానమేం లేదు. బిడ్డలు అమ్మతో పాటు నాన్నకీ, నాయనమ్మకీ దగ్గరవుతారని 1964లో గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలపై చేసిన అధ్యయనంలోనే తేలింది. అందుకే ఆవిడనే మీ ఇంటికి రమ్మనండి. మీరు ఆఫీసులో చేరకముందే కొన్నాళ్లు స్నానం, ఉగ్గు, నిద్రపుచ్చడం ఆవిడ చేతి మీదుగా జరగనివ్వండి. కుదరదంటే మీ ఆఫీసులో క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు గురించి అడగండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట ఆ సౌకర్యం ఉండాలని చట్టం చెబుతోంది. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు కూడా.

మన ఇళ్లల్లో బిడ్డను కాకిని చూపించి ఏమార్చి, తల్లి చాటుగా జారుకోవడం మామూలే. అలా చేయకండి. ఏడ్చినా సరే, టాటా చెప్పే వెళ్లండి. సాయంత్రం రాగానే ముందు పాపను ఎత్తుకోండి.

ఇవన్నీ చేసినా దడ తగ్గక నిద్ర, పని దెబ్బతింటుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.