అమ్మానాన్నలు వస్తున్నారా? షుగర్ సంగతి ముందే మాట్లాడుకుందాం

"వచ్చే నెల మా అమ్మానాన్నలు కల్వకుర్తి నుంచి డల్లాస్ వస్తున్నారన్నా, ఇద్దరికీ షుగర్. ఏమేం తెచ్చుకోమనాలి?" అని ఒక తమ్ముడు అడిగాడు. మందులు, చీటీల సంగతి ఎవరైనా చెబుతారు. రాత్రి రెండింటికి ఏం చేయాలో నేను చెబుతా.

మాది దేవరకొండ. ఇక్కడికి వచ్చినా మా అమ్మ శనివారం ఒక్కపొద్దు మానలేదు. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంది. అర్ధరాత్రి చూస్తే జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, "బస్సొచ్చిందా?" అని నన్నే అడుగుతోంది. నిద్రమత్తేమో అనుకున్నా. అక్కడ పగలే కదా అని నల్లగొండ డాక్టరుకు ఫోన్ కలుపుతూ కూర్చున్నా, బుద్ధిలేక. మీటరు పెట్టేసరికి 48. ఫ్రిజ్ తెరిస్తే అన్నీ డైట్ కోక్‌లే, వాటిలో చక్కెరే ఉండదు! చివరికి చాయ్‌లోకి పెట్టుకున్న చక్కెర డబ్బానే ఆదుకుంది.

70 కన్నా తగ్గితే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. అర కప్పు పండ్ల రసమైనా సరే. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. మీటరు దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకండి, ముందు చక్కెర ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి, కానీ పడుకోబెట్టి మీరూ పడుకోకండి. గ్లిమెపిరైడ్ మాత్ర గంటల తరబడి పనిచేస్తుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడాల్సిందే. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 కొట్టండి.

షుగర్ బాగా పెరిగి, 300 దాటి, వాంతులు, ఆయాసం, మగత, నోట్లోంచి పండ్ల వాసన ఉంటే అదీ ఎమర్జెన్సీయే. తినట్లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తారు మనవాళ్లు, అక్కడే మునుగుతారు.

చెమటలు పడుతున్నా మీటరు బాగానే ఉందని ఊరుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా కూడా వస్తుంది. నాన్న "గ్యాస్ పట్టింది" అంటాడు, నమ్మకు.

బిల్లు టెన్షన్ ఉంటుంది, కాదనను. అయినా అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను డబ్బు లేదని తిప్పి పంపకూడదు.

మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లో వాళ్లిద్దరే. వాళ్లకు తెలిసింది 108. ఫ్రిజ్ తలుపు మీద 911, కింద ఇంటి అడ్రసు పెద్దక్షరాలతో రాసి అంటించు. లోపల మామూలు కోక్ రెండు పెట్టు.