కుక్కకు థైరాయిడ్ అనుమానమైతే మెడకు స్కాన్ ఎందుకు?

మీ లాబ్రడార్‌కు టీఫోర్ (మెడలోని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) తక్కువ, టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పనిచేయించే హార్మోన్, గ్రంథి దెబ్బతింటే ఇది పెరగాలి) నార్మల్ వచ్చిందని, డాక్టరేమో మెడకు అల్ట్రాసౌండ్ చేయించమన్నారని రాశారు. అది డబ్బులు గుంజడానికేనా అని మీ అనుమానం. కాదండి. మా కుక్క జానీకి స్కాన్ రాసినప్పుడు నేనూ అచ్చం ఇదే అనుకున్నాను.

మాది నల్గొండ. మే నెలలో ఇక్కడ బండల మీద కాలు పెట్టలేం. అలాంటిది జానీ కూలర్ ముందు నుంచి లేచి వెళ్లి, ఎండలో ఆ బండల మీదే పడుకునేది. తిండి పెంచకపోయినా 31 కిలోల నుంచి 39కి వచ్చింది. తోక మీది వెంట్రుకలు పోయి ఎలుక తోకలా తయారైంది. పక్కింటాయన ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అని తేల్చేశాడు. మా జిల్లాలో ఏ జబ్బయినా ముందు దాని ఖాతాలోకే పోతుంది. చర్మం మీద పొక్కులొస్తే ఇక్కడ ఒకాయన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు.

ఆ తర్వాత మేం చేసిన పొరపాటు మీరు చేయొద్దు. రక్తం మనుషుల ల్యాబ్‌లో ఇచ్చాం. మనుషులకు టీఫోర్ దాదాపు 5 నుంచి 12 ఉండాలి, కుక్కలకు సుమారు 1 నుంచి 4. అంటే నిక్షేపంగా ఉన్న కుక్క రక్తం ఇచ్చినా అక్కడ 'తక్కువ' అనే వస్తుంది. టీఎస్‌హెచ్ సంగతి ఇంకా అన్యాయం. మనుషుల కిట్‌తో కుక్క టీఎస్‌హెచ్ సరిగ్గా తేలదు. మీ రిపోర్టు ఏ ల్యాబ్‌దో ముందు చూసుకోండి.

హైదరాబాద్ డాక్టర్ అది చూసి పక్కన పెట్టేశారు. గ్రంథి బాగున్నా స్టెరాయిడ్లు వాడితే టీఫోర్ పడిపోతుందట, ఇంకేదైనా జబ్బు ఉన్నా అంతేనట. ఆరు వారాలు ఆగి, కుక్కల పరీక్షలు చేసే ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే టీఫోర్ 0.7. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ. టీఎస్‌హెచ్ మాత్రం మీలాగే నార్మల్. గ్రంథి నిజంగా దెబ్బతిన్న కుక్కల్లోనూ నాలుగింట ఒకదానికి ఇలా నార్మల్ రావచ్చు. అందుకే స్కాన్.

మెడ కింద కొంచెం వెంట్రుకలు గీసి, జెల్ రాశారు. మత్తు ఇవ్వలేదు, నేను తల పట్టుకున్నాను, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గొంతు గొట్టానికి అటొకటి ఇటొకటి, కదురు ఆకారంలో రెండు భాగాలుంటాయి. బాగున్న గ్రంథి పక్కనున్న కండ కంటే తెల్లగా, ఒకే తీరుగా కనిపించాలి. జానీది చిన్నగా, కండలాగే నల్లబారి, అంచులు ఎగుడుదిగుడుగా ఉంది. వేరే జబ్బు వల్ల టీఫోర్ పడిపోయిన కుక్కకు గ్రంథి మామూలుగా ఇలా ఉండదు. ఈ తేడా ఒక్క టీఫోర్ అంకె చూస్తే దొరకదు.

అలాగని స్కాన్ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు. జబ్బు ఉన్నా గ్రంథి మామూలుగా కనిపించే కుక్కలున్నాయి, కుక్క సైజును బట్టి గ్రంథి సైజూ మారుతుంది. చేసేవాళ్ల చేయి కూడా ముఖ్యం. గేదెల చూడి చూసే మిషన్‌తో ఇది కాదు, చర్మం కిందనే ఉన్న చిన్న భాగాలను స్పష్టంగా చూపించే ప్రోబ్ (మిషన్‌లో ఒంటికి ఆనించే భాగం) కావాలి. ఫోన్ చేసి "మెడ థైరాయిడ్ చూస్తారా" అని అడిగాకే బయల్దేరండి.

జానీకి డాక్టర్ లీవోథైరాక్సిన్ (తక్కువైన టీఫోర్‌కు బదులుగా ఇచ్చే మందు) రాశారు, కిలోకు 20 మైక్రోగ్రాముల లెక్కన పూటకు 800. అంటే 100వి ఎనిమిది గోలీలు పొద్దున, ఎనిమిది సాయంత్రం. మా అమ్మ రోజంతటికీ వేసుకునేది 50 ఒక్కటే! మెడికల్ షాపతను చీటీ తిప్పి తిప్పి చూసి "ఏంది సార్, ఎవరికి ఇన్ని?" అన్నాడు. కుక్కల ఒంట్లో ఈ మందు త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే ఆ డోసు. మీరు మాత్రం సొంతంగా లెక్కేసి వేయకండి. రెండు వారాలకే హుషారు వచ్చింది, తోకకు వెంట్రుకలు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వేసిన ఇంజెక్షన్ల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. ఏ స్టెరాయిడ్, ఎప్పుడెప్పుడు వేశారని అడిగితే మేం నీళ్లు నమిలాం.