మూడో రోజే డిశ్చార్జి... హోం నర్సు ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. షుగర్ ఉంది. మోకీలు మార్పిడి ఆపరేషన్ చేసి మూడో రోజే ఇంటికి పంపేశారు. హోం నర్సును పెట్టుకోమన్నారు. ఇంత త్వరగా పంపేసరికి టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ ఆపరేషన్ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇంటికి పంపటం ఇప్పుడు మామూలే. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లగలిగి, నొప్పి మాత్రలతో అదుపులో ఉంటే ఇంకా ఆస్పత్రిలో ఉంచి ఒరిగేదేమీ లేదు. ఇన్‌ఫెక్షన్ల బెడద తప్ప!

అసలు చూసుకోవాల్సింది వచ్చే నర్సు ఎవరన్నది. స్నానం చేయించటానికి, చేయి పట్టి నడిపించటానికి అటెండర్ చాలు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, కట్టు మార్చటం మాత్రం జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వారే చెయ్యాలి. వారు రోజంతా ఉండక్కర్లేదు, వచ్చి ఆ పని చేసి వెళ్లినా చాలు. రిజిస్ట్రేషన్ చూపించమనటానికి మొహమాటపడకండి. చేతులు కడుక్కోకుండా కట్టు విప్పుతున్నా, ఇంజెక్షన్ ఇచ్చిన చోట రుద్దుతున్నా వేరేవారిని పంపమనండి.

హాయిగా ఉందని చాలామంది మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. అలా చేస్తే కాలు వంగినట్టే బిగుసుకుపోయి, తర్వాత పూర్తిగా చాపటం కష్టమవుతుంది. పెట్టాలనుకుంటే మడమ కింద టవల్ చుట్టి పెట్టండి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామాలు చేయిస్తే అమ్మగారు అంతగా విసుక్కోరు.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని చుట్టాలు చెబుతారు. పట్టించుకోకండి. గాయం మానటానికి మాంసకృత్తులు కావాలి. డాక్టర్ చెప్పిన వేళల్లో షుగర్ చూసి రాసిపెట్టండి. పెరిగితే గాయం త్వరగా మానదు. కుట్టు మీద పసుపు, పౌడర్ వద్దు.

మోకాలి చుట్టూ కొంత వాపు, కమిలినట్టు ఉండటం సహజమే. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, జ్వరం 101 డిగ్రీలు దాటినా, కట్టు మళ్లీ మళ్లీ తడుస్తున్నా అదే రోజు సర్జన్‌కు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే కాలిలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించాలి. అప్పుడు నర్సు వచ్చి చూస్తుందిలే అని ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.