డేటింగ్ షోలకు అమ్మాయిలు ఇష్టపడే వెళ్తారు కదా, మరి తప్పేముంది?

ఒక్క అబ్బాయి కోసం పది పదిహేను మంది అమ్మాయిలు పోటీపడే షోలు ఆడవాళ్లను వస్తువుల్లా చూపిస్తున్నాయని అందరూ తిడతారు, కానీ వాళ్లంతా చదువుకున్నవాళ్లు, సంతకం పెట్టి వెళ్లినవాళ్లే కదా అని మీ ప్రశ్న. నేను ఏ సంతకమూ పెట్టకుండానే అలాంటి షోలో ఆరుసార్లు కూర్చున్నాను. అందుకే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మావాళ్లు సంబంధాలు మాత్రం టెక్కలి, శ్రీకాకుళం వైపు చూస్తారు. దాంతో మా ఇళ్లలో ఆడపిల్లలకు పెళ్లిచూపుల్లో ఒక పరీక్ష ఎక్కువ. రంగు, ఎత్తు, వంట అయ్యాక తెలుగు చదవడం వచ్చో రాదో చూస్తారు. నా నాలుగో పెళ్లిచూపులప్పుడు అబ్బాయి మేనత్త బల్ల మీదున్న పేపరు తీసి, "గట్టిగా చదువమ్మా" అని చేతిలో పెట్టింది. రెండు లైన్లకే తడబడ్డాను. "ఒడియా యాస కొడతందే" అని పక్కావిడతో అంది, నేనక్కడ లేనట్టే.

తర్వాత జడ. సవరం పెట్టామేమోనని అనుమానం, విప్పి చూపించమన్నారు. మా ఊరు కొమ్ము దువ్వెనలకు పేరు. అలాంటి దువ్వెనతోనే అమ్మ పొద్దున్న గంటసేపు దువ్వి అల్లిన జడ అది. అబ్బాయి బజ్జీ తింటూ ఫోను చూసుకుంటున్నాడు. అతన్ని లేచి నడవమని ఎవరూ అడగలేదు. "ఫోన్ చేసి చెప్తాం" అని వెళ్లారు. ఆ ఫోను ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి ఒప్పుకోవాలి. 2018లో స్టార్ మాలో యాంకర్ ప్రదీప్‌ను పెళ్లికొడుకుగా పెట్టి 'పెళ్లి చూపులు' అని షో వేశారు. పేరు కూడా మార్చలేదు చూడండి. అప్పటికి నాకు పెళ్లయి ఏడేళ్లు. మా అత్తగారూ నేనూ భోజనాల పళ్లేలు ముందు పెట్టుకుని ఆ షో చూసేవాళ్లం. "ఈ పిల్ల నవ్వు బాలేదు", "ఆ పిల్లకి పొగరు" అని మార్కులేసింది నేనే. జడ విప్పించుకున్న మనిషిని కదా, నాకు జాలి వేయాలి. వేయలేదు. సోఫాలో ఇటువైపు కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ షోలు నడిచేది ఆ హాయి మీదే.

లెక్క చూడండి. అమెరికాలో 'ది బ్యాచిలర్' 2002లో మొదలైంది, మొదటి సీజన్లో ఒక్కడి కోసం 25 మంది. మన దేశంలో ఎంటీవీ 'స్ప్లిట్స్‌విల్లా' 2008లో ఇద్దరు అబ్బాయిలు, ఇరవై మంది అమ్మాయిలతో మొదలైంది. మార్తా నుస్‌బామ్ అనే తత్వవేత్త, మనిషిని వస్తువుగా చూడటమంటే ఏమిటో ఏడు లక్షణాలు చెప్పింది. అందులో ఒకటి, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయొచ్చు అనుకోవడం. ఇరవై మందిని వరసగా నిలబెడితే ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, ఆ వరసే చెప్పేస్తుంది. బట్టలు కురచగా ఉన్నాయా అన్న గొడవ నాకు పెద్దగా పట్టదు. నిండుగా కంచిపట్టు కట్టించి కూడా వరసలో నిలబెట్టొచ్చు.

అదే 2018లో కలర్స్ తమిళంలో నటుడు ఆర్య కోసం 16 మంది అమ్మాయిలు పోటీపడ్డారు. ఆఖరి రోజున ఆయన ఎవరినీ ఎంచుకోలేదు. మరుసటి ఏడాది నటి సాయేషాను పెళ్లి చేసుకున్నారు. ఆయన పెళ్లి ఆయన ఇష్టం, తప్పనడం లేదు. కానీ ఆ పదహారు మందికీ దక్కింది నాకు ఆ అబ్బాయి మేనత్త చేయని ఫోనే, కాకపోతే టీవీలో, ఊరందరి ముందు.

ఆడదాన్ని ఎంచుకునే కుర్చీలో కూర్చోబెడితే సరిపోతుంది కదా అంటారు కొందరు. 2009లో హిందీ టీవీలో నటి రాఖీ సావంత్ స్వయంవరం వేశారు. అమెరికాలో 'ది బ్యాచిలరెట్' 2003 నుంచీ ఉంది. అందులో పాతిక మంది మగవాళ్లను వడపోసేది ఆమే, కానీ చివర్లో మోకాలి మీద కూర్చుని "నన్ను పెళ్లి చేసుకుంటావా" అని అడిగేది మామూలుగా మగవాడే. ఆమె అప్పటిదాకా ఆగాలి.

ఇక ఎడిటింగ్. ఎప్పుడో అన్న మాట తెచ్చి ఇంకెప్పుడో ఏడ్చిన ముఖం మీద అతికిస్తారు. ఒకమ్మాయి గయ్యాళి, ఒకమ్మాయి అమాయకురాలు, ఒకమ్మాయి ఇంటికి తగ్గ కోడలు. ఈ వేషాలు ముందే కుట్టి ఉంటాయి, మనుషులను తెచ్చి తొడుగుతారు. ఇష్టపడి వెళ్లారంటే షోకి వెళ్లడానికి ఇష్టపడ్డారు, ఈ వేషానికి కాదు.

కానీ మా అప్ప కూతురు నాతో ఒప్పుకోదు. బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది, ఇవన్నీ ఫోన్లో చూస్తుంది. "పిన్నీ, వాళ్లు ఫేమస్ అవుతారు, ఫాలోయర్లు వస్తారు, డబ్బులొస్తాయి. నీకేమొచ్చింది? ఉప్మా చేసిన గిన్నెలు తోముకోవడం తప్ప" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఆ పెళ్లిచూపుల రోజు గిన్నెలు నేనే తోమాను.

కంప్లైంట్ ఇవ్వొచ్చా అని కూడా అడిగారు. ఇవ్వొచ్చు. టీవీ ఛానెళ్ల వినోద కార్యక్రమాల మీద ఫిర్యాదులు వినడానికి 2011 నుంచి బీసీసీసీ అని ఒక మండలి ఉంది. స్త్రీలను అసభ్యంగా చూపడం మీద 1986 నాటి చట్టమూ ఉంది. కానీ అది ఒంటిని చూపించడం గురించి మాట్లాడుతుంది, వరసలో నిలబెట్టడం గురించి కాదు.

పోయిన నెల మా తమ్ముడికి పిల్లని చూడటానికి గుణుపురం వెళ్లాం. ఈసారి సోఫాలో నేను. ఆ అమ్మాయి ట్రే పట్టుకుని గదిలోంచి వస్తుంటే నా చూపు ముందు పాదాల మీదికి వెళ్లింది, నడకలో ఏమైనా తేడా ఉందేమోనని. అక్కణ్నుంచి జడకి. కెమెరా కూడా అలాగే కింద నుంచి పైకి పోతుంది కదా అనిపించి తల దించుకుని బజ్జీ అందుకున్నాను. ఏ పేపరూ చదివించలేదు. మావాడికి పిల్ల నచ్చింది. ఈ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేయమని తిరుగు రైల్లో అమ్మని పోరుతూనే ఉన్నాను. "మంచి రోజు చూసుకోవాలే" అని అమ్మ గురువారం దాకా చేయలేదు.